కడుపునొప్పోళ్ళ ఇల్లు

చెప్పు, ఏం సూసినవ్?

నా దిక్కు సూడకు. గోడకు అంటించిన కాయితాల దిక్కు గూడ సూడకు. అడిగినదానికి జవాబు చెప్పు రాజేందర్. గంత జోరుగ మెట్లెక్కి వచ్చినవ్. నలుగురిల పిల్ల రెక్క వట్టి గుంజినవ్. "లే, ఇంటికి నడు" అని ఒర్రినవ్. గంతకు ముందు గా డాక్టరమ్మ గది ముంగట బల్ల మీద ఎవరిని సూసినవ్?

పిచ్చోళ్ళనా?

మల్ల అను. మెల్లగ ఎందుకు, గట్టిగనే అను. గా బల్ల మీద నీ బిడ్డ అఖిల కూసున్నది. పక్కన నీ పెండ్లాం గోదావరి కూసున్నది. ఇవుతల పసిపిల్లను ఒళ్ళె పండవెట్టుకున్న ఒకామె. అవుతల జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన పెద్దమనిషి, తెల్ల అంగి, చేతిల టిఫిను డబ్బ. గీళ్ళల్ల పిచ్చోళ్ళు ఎవరో జర వేలు వెట్టి సూపియ్యి, నేను గూడ తెలుసుకుంట.

సూపియ్యవ్. సూపిద్దామంటే నీకు గూడ ఎవలు దొరుకుతలేరు.

ఆగు, ఉరుకకు. గీ మెట్ల మీద కూసో. హెల్మెటు కింద వెట్టు. వెల్డింగు కాడ చెరుకు ట్రాలీని సగంల ఇడిసిపెట్టి బోధన్ నుంచి ఉరికొచ్చినవంటే బిడ్డంటే పాణమే నీకు. కన్నతల్లిని, నాకు తెల్వదా? మన నంబరు ముప్పై ఎనిమిది. గిప్పుడు ఇరవై తొమ్మిది నడుస్తుంది. మన నంబరు వచ్చేలోపు నేను నీకొక మాట చెప్పాలె. చెప్పినంక పిల్లను ఇంటికి గుంజుకపోతవో, లోపలికి తోలుకపోతవో, నువ్వే సోంచాయించు.

ఏంది? సుమిత్రమ్మ సూసిందా?

సూస్తే? మన వాడకట్టుల ఉంటది, సాయంత్రం వరకు ఊరంత చాటింపు వేస్తది, గదేనా నీ బుగులు? ఓరి పిచ్చి కొడు... సూడు, నా నోట్లె గూడ గదే మాట వస్తుంది. సుమిత్రమ్మ చేతిల ఏమున్నదో సూసినవా? చీటీ ఉన్నది. ముప్పై మూడో నంబరు. ఎనిమిది నెలల సంది వస్తుందట. నిద్ర పడ్తలేదని, ఉత్తగనే గుండె దడదడ కొట్టుకుంటుందని. ఊర్లె మాత్రం కండ్ల డాక్టరు అని చెప్పుకుంట వస్తుంది. నన్ను సూడంగనే కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. నేనే పోయి పక్కన కూసున్న. "ఏందే సుమిత్రా, కండ్లకు ఎనిమిది నెలల మందా?" అన్న. ఇద్దరం నవ్వినం. నవ్వుకుంటనే ఏడ్చింది. "ఎవలకు చెప్పకు అక్కా" అన్నది. మల్ల తనే "చెప్తే చెప్పు తియ్యి, నేనైతే మంచిగైతున్న" అన్నది.

నువ్వు ఆమెను సూసి భయపడ్తున్నవ్. ఆమె నన్ను సూసి భయపడ్డది. ఒకే బల్ల మీద కూసుండి ఒకలకొకలు మొకం దాసుకునుడు. మస్తు ఇజ్జత్ మనది!

కడుపు డాక్టరుకు సూపిద్దామంటవా?

ఖలీల్‌వాడిల పెద్ద దవాఖానల మల్లొకసారి స్కానింగ్ తీపిద్దామంటవా? మూడుసార్లు తీపిచ్చినవ్ కొడుకా. ఎండకాలంల ఒకసారి, వానకాలంల ఒకసారి, మొన్న ఒకసారి. గొంతులకెళ్ళి గొట్టం ఏసి సూసిండ్రు. ఏమన్నరు? కడుపు కడిగిన పళ్ళెం తీరు ఉన్నదన్నరు. నువ్వు ఇన్నవా? పిల్ల బువ్వ తింటలేదంటే కడుపే అంటివి. నిద్ర పోతలేదంటే కడుపే అంటివి. కాలేజికి పోనంటే గ్యాసు అంటివి. దాని పళ్ళెంలకెళ్ళి తొక్కు తీసేస్తివి, పుంటికూర తీసేస్తివి, కారం తీసేస్తివి. ఆరు నెలల సంది సప్పటి పెరుగన్నం ముంగట కూసుండి గోడ దిక్కు సూసింది పిల్ల.

నిన్ను అంటలేను. నీకు గది నేర్పింది నేనే.

నీ బతుకు గూడ గట్లనే అయింది గద. పదకొండేండ్ల పోరనివి ఉన్నప్పటి సంది పచ్చిమిరపకాయ ముట్టలే. ఎవలింట్ల దావత్ అయినా మజ్జిగ బువ్వ తిని లేస్తవ్. యేడాదికొకసారి నీకు నువ్వే కడుపుకు స్కానింగ్ తీయించుకుంటవ్. "మా బాపును తిన్న నొప్పి నన్ను గూడ తింటది" అని భయం. ఊర్లె మనింటిని ఏమంటరు? కడుపునొప్పోళ్ళ ఇల్లు అంటరు. గోదావరి వాళ్ళన్న నీ సంబంధం మాట్లాడ వచ్చినప్పుడు గూడ నన్ను పక్కకు పిలిచి అడిగిండు, "అవ్వా, పిలగానికి గూడ గా నొప్పి ఉన్నదా?" అని. "లేదయ్యా" అన్న. గా ఒక్కటి మాత్రం నిజమే చెప్పిన.

ముప్పై పిలిచిండు. సూడు, పెద్దమనిషి లేచిండు. టిఫిను డబ్బ బల్ల మీద మర్సిపోయి మల్ల వచ్చి తీసుకుంటుండు.

సోమారం పొద్దున ఏమైందో నీకు గోదావరి ఇందాక ఫోనుల సగమే చెప్పింది. మొత్తం నేను చెప్త.

నేను అరుగు మీద చాట వెట్టుకుని తునికాకు సవరిస్తున్న. గిప్పుడు నాలుగు బీడీలు చుట్టినా ఎవలకు లెక్క లేదు, కని నా చేతులు ఊకుంటలేవు. అఖిల వచ్చి పక్కన కూసున్నది. జడ ఏసుకోలే. ఆకు ఒకటి తీసి ఈనె వెంట సింపుకుంట, సింపుకుంట, మంచినీళ్ళు అడిగినంత మామూలుగ అన్నది: "నానమ్మా, నాకు బతుకబుద్ది అయితలేదు."

నా చెయ్యి లేచింది రాజేందర్. దానంతట అది లేచింది, పిల్ల నోటి మీదికి. ఎందుకు లేచిందో తర్వాత చెప్త. నడుమనే ఆపిన. ఎంత కష్టం మీద ఆపిన్నో గా దేవునికి ఎరుక. నోటి మీద పెట్టేది నెత్తి మీద పెట్టిన. "సచ్చిపోవాలె అనిపిస్తుందా బిడ్డా?" అని నేనే అడిగిన. గిట్లనే, గీ మాటనే.

అగో, నువ్వు గూడ ఉలిక్కిపడ్తున్నవ్. గట్ల అడిగితే లేని ఆలోచన పుట్టిచ్చినట్టు అయితది అనుకుంటున్నవా? నేను గూడ బతుకంత గదే అనుకున్న. పిల్ల ఏం చేసిందో తెలుసా? నా ఒళ్ళె తలకాయ వెట్టింది. "అవు నానమ్మా, మస్తు రోజుల సంది" అన్నది. గంటసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడనే, తునికాకు పక్కన, నిద్రపోయింది. ఎన్ని నెలలకు కండ్ల మీదికి నిద్ర వచ్చిందో! నేను కాలు తిమ్మిరెక్కినా కదపలే.

లేచినంక నిరోషను పిలిచిన. మన ఊర్లె నర్సు పని చేసే పిల్లనే. నిరోష వచ్చి ముందుగాల ఇంట్ల అన్ని మూలలు తిరిగింది. పిల్లకు అపాయం అయ్యే సామాన్లు ఏమేం ఉన్నయో ఏరి నాతోని బయట తాళమేయించింది. పిల్లను ఒక్కదాన్ని ఇడువకుండ్రి అన్నది. ఫోనుల 14416 కొట్టి, మనసు బాధలు ఇనే సర్కారు నంబరట, అఖిలకే ఇచ్చింది. అవుతల ఎవరో తెలుగులనే మాట్లాడిండ్రు, నిమ్మళంగ. పిల్ల అరగంట చెప్పుకున్నది. నిజామాబాద్ సర్కారు దవాఖానకు తోలుకపోండ్రి, జ్వరం వస్తే పోతం గద, గట్లనే పోండ్రి అన్నది నిరోష. గిదీ జరిగింది. నీకు చెప్తే తోలనియ్యవని, కాలేజి పని ఉన్నదని అబద్ధమాడి బస్సెక్కినం. గా తప్పు నాది. తిట్టు, పడ్త.

రేపు సంబంధాలు ఎట్ల వస్తయ్ అంటవా?

పిల్ల ఉంటే వస్తయ్ రా! పిల్ల ఉంటే!

ఆగు. గొంతు లేచింది నాది. సిస్టరు ఇటే సూస్తుంది. నీళ్ళు తాగు. నాకు గూడ ఇయ్యి.

గిప్పుడు అసలు మాట. లోపలికి పంపకముందు ఒక సిస్టరు కాయితం నింపుతది. పేరు, వయసు, నిద్ర, తిండి అన్నీ అడిగింది. అడిగి అడిగి, "మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరైనా తమంతట తాము ప్రాణం తీసుకున్నారా?" అన్నది. గోదావరి టక్కున చెప్పింది: "లేరు మేడం. మా మామ సచ్చిపోయిండు కని, ఆయనకు కడుపునొప్పి." సిస్టరు పెన్ను కాయితం మీద పెట్టింది.

"రాయకు బిడ్డా" అన్న.

గోదావరి నా మొకం సూసింది. అఖిల సూసింది. "నా కొడుకు వస్తుండు, ముందుగాల వానికి చెప్పాలె, తర్వాత రాద్దువు" అన్న. సిస్టరు మంచిది, ఇంకేం అడగలే. గా ఒక్క గీత ఖాళీగ ఇడిసిపెట్టింది. గా కాయితం గిప్పుడు గోదావరి చేతిల ఉన్నది. పోయి సూస్కో.

కూసో! లేవకు. సగం ఇని లేస్తే ఎట్ల?

నువ్వు సిన్నప్పటి సంది సూసినవ్ గద, పోలీసోళ్ళు మనింటికి వస్తుండిరి. దొంగతనానికి కాదు. చుట్టుపక్కల ఊర్లల్ల ఆడమనిషి పాణం తీసుకున్నదంటే పంచనామాకు ఇంకొక ఆడమనిషి గావాలె, పీనుగ పెయ్యి సూసి చెప్పతందుకు. బీడీల సంఘంల లీడరు, ధైర్యం ఉన్నది, సంతకం వస్తది. పెంటవ్వను పిలువుండ్రి అంటుండిరి. పోతుంటి. జమేదారు కాయితం తొడ మీద వెట్టుకుని అడుగుతుండె: "చెప్పవ్వా, ఏం సూసినవ్?"

ఏడుగురు రాజేందర్. ఏడుసార్లు అడిగిండ్రు. ఏడుసార్లు ఒకటే చెప్పిన: "కడుపునొప్పి తాళలేక సార్."

ఇంటోళ్ళు ముందే చేతులు జోడిస్తుండిరి. "అవ్వా, పిల్లలున్నరు, పేరు ఖరాబైతది" అని. నాకు పుణ్యం చేస్తున్న అనిపిస్తుండె. గా ఏడుగురిల ఒకామె మా అరుగు మీదనే మాతోని బీడీలు చుడుతుండె. చివరి రెండు నెలలు ఆమె బీడీలు వదులుగ వచ్చినయ్. కార్ఖానల ఏరి పారేస్తే మేమందరం ఆమెనే తిట్టినం, ధ్యానం ఏడ ఉన్నదే అని. తల దువ్వుకుంటలేదని నవ్వినం. ఏమైంది అక్కా అని ఒక్కతి అడగలే. గదీ నేను సూసింది! ఆమె పెయ్యి మీద ఏం సూసిన అని కాదు, రెండు నెలలు పక్కన కూసుండి ఏం సూసిన అని అడిగితే చెప్పాలె. ఎవలు అడగలే. నేను చెప్పలే. కింద సంతకం చేసిన. గా సంతకం కూలి పెంచాలని దరఖాస్తు మీద పెట్టతందుకు నేర్చుకున్న. కలెక్టరాఫీసు ముంగట లాఠీ దెబ్బలు తిన్న దాన్ని. వేల మంది ముంగట మైకు వట్టి మాట్లాడిన నోరు ఇది. గీ ఒక్క మాట కాడ మాత్రం...

ముప్పై మూడు. సుమిత్రమ్మ పోతుంది సూడు. కొంగు తీసేసింది నెత్తి మీదికెళ్ళి. నీ దిక్కు సూసి తలకాయ ఊపుతుంది. ఊపు, నువ్వు గూడ ఊపు.

గా అబద్ధం నాకు ఎవలు నేర్పిండ్రు అంటే, ఎవలు నేర్పలే. మొదటిసారి నా ఇంట్లనే ఆడిన.

మీ బాపుకు కడుపునొప్పి లేదు కొడుకా.

ఎన్నడు లేదు. ఒక్కనాడు లేదు. హన్మండ్లు అంటే రాళ్ళు తిని అరిగిచ్చుకునే మనిషి. జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయ కొరుక్కుంట తింటుండె. పోయిన రోజు పొద్దున గూడ గట్లనే తిన్నడు. తనంత తానే పోయిండు. మీ చిన్నాయన, ఊరి పెద్దమనుషులు గోడ కాడ నన్ను నిలవెట్టి "పోరడు చిన్నోడు, రేపు బడిల ఎట్ల తలెత్తుకుంటడు, కడుపునొప్పి అని చెప్పు పెంటవ్వా" అన్నరు. చెప్పిన. నువ్వు నా కొంగు వట్టుకుని పక్కనే నిలబడి ఇన్నవ్. పదకొండేండ్లోనివి. గప్పటి సంది నీ కడుపు నువ్వే వట్టుకుని తిరుగుతున్నవ్. ముప్పై ఒక్క యేండ్లు! నాకు కనవడలేదా? రోజు కనవడ్డది. ప్రతిసారి నువ్వు కారం పక్కకు నెట్టినప్పుడల్ల కనవడ్డది.

ఎందుకు పోయిండంటే నాకు తెల్వది. తెల్వదనే చెప్త. శక్కర్ ఫ్యాక్టరీల పర్మినెంటు కొలువు. తాగుడు లేదు, కొట్లాట లేదు. ఏం తక్కువ అని అడుగుతరు అందరు. ఏం తక్కువ లేదు. ఫ్యాక్టరీ సైరను కూయకముందే లేచే మనిషి, గా చలికాలం సైరను కూసినా లేస్తలేడు. గోడ దిక్కు తిరిగి పంటుండు. చెరుకు బండ్లు రోడ్డంత నిండి ఉంటే, నువ్వు గడలు గుంజుకొచ్చి "బాపూ తిను" అంటే, చేతిల పట్టుకుని గట్లనే సూస్తుండె. ఎక్కడ్నో ఏదో దెబ్బతిన్నది. కాలు ఇరిగితే ఎక్కడ ఇరిగిందో సూపిస్తం. గిది సూపెట్టరాదు. అఖిలను సూస్తే గదే సూపు. ఆరు నెలల సంది నేను గా సూపు గుర్తుపట్టి గూడ మజ్జిగ చిలికి ఇచ్చిన. ఎవలు ఎక్కువ తప్పు చేసిండ్రు, నువ్వా నేనా?

ఏడువు. ఏం కాదు, ఏడువు. ఇక్కడ అందరు ఏడ్చెటోళ్ళే.

ఇంకొకటి ఉన్నది. గిది ఎవలకు చెప్పలే. నిరోషకు గూడ సగమే చెప్పిన.

చెయ్యి ఎందుకు లేచిందో తర్వాత చెప్త అంటి గద.

మీ బాపు ఉత్తగ పోలే. చెప్పిండు. నాకే చెప్పిండు. పోయేదానికి పదకొండు రోజుల ముందు. నేను డబ్బల రొట్టెలు కట్టుతున్న, ఆయన చెప్పులు ఏసుకుంట గడప కాడ ఆగిండు. "పెంటా, నాకు బతుకబుద్ది అయితలేదే" అన్నడు. గవే మాటలు. పిల్ల అన్న మాటలే.

నేను ఉరికిపోయి నోరు మూసిన. గీ చేతితోని. గీ అరచెయ్యి మొత్తం ఆయన నోటి మీద పెట్టి, "గసొంటి మాటలు అనొద్దు, ఎవలన్న ఇంటరు" అన్న. ఎవలన్న ఇంటరట! ఇనాల్సింది నేను, నేనే ఇనలే. ఆయన ఊపిరి నా అరచేతికి తగిలింది, వెచ్చగ. కండ్లతోని సరే అన్నట్టు తలకాయ ఊపిండు. డబ్బ తీసుకుని డ్యూటీకి పోయిండు. మల్ల గా మాట ఎన్నడు ఎత్తలే. నేను గూడ అడగలే. మంచిగైండు అనుకున్న రా. అననోడు మంచిగున్నట్టే అనుకున్న.

నిరోష అంటది, "నీ తప్పు కాదవ్వా, గప్పుడు ఎవలకు తెలుసు" అని. కావొచ్చు. కాకపోవచ్చు. నేను చెయ్యి తీస్తే ఆయన బతుకుతుండెనా అంటే తెల్వది. కని ఆ పదకొండు రోజులు ఆయన ఒక్కడే ఉండకపోతుండె. గది మాత్రం తెలుసు.

నా మీద కోపం వస్తుందా? రానియ్యి. ఇంటికి పోయినంక ఎంత అంటవో అను. నెల రోజులు మాట్లాడకు. కని గా కోపం పిల్ల మీద సూపియ్యకు. పిల్ల నీ బాపు చేసిన పనే చేసింది, నోరు తెరిచి చెప్పింది. ఈసారి ఇనెటోళ్ళు ఉన్నరు. మందులు ఉన్నయ్, మాటలు ఉన్నయ్, గా గదిల ఒక డాక్టరమ్మ ఉన్నది. ఒక్క రోజుల అయిపోదట, మస్తుసార్లు తిరుగుడు ఉంటదట. తిరుగుదాం. చెరుకు ట్రాలీలు ఎక్కడికి పోవు.

ముప్పై ఏడు అన్నడు. ఇన్నవా? తర్వాత మనమే.

లే. నా చెయ్యి వట్టు, మోకాళ్ళు వట్టేసినయ్. మొకం తుడుచుకో. లేకపోతే తుడుచుకోకు, పిల్ల సూడనియ్యి, బాపు గూడ ఏడుస్తడని.

అగో, గోదావరి కాయితం వట్టుకుని నిలబడ్డది. అఖిల మన దిక్కే సూస్తుంది. నువ్వు రెక్క వడ్తవో చెయ్యి వడ్తవో అని సూస్తుంది. డాక్టరమ్మ గా ఖాళీ గీత మీద పెన్ను వెట్టి నన్ను అడగదు. ఇంటి పెద్దవు నువ్వు, నిన్నే అడుగుతది. పిల్ల ఇనుకుంట ఉంటది.

మీ బాపు ఎట్ల పోయిండు అంటే, ఏం చెప్తవ్ కొడుకా?